బెల్లం రంగు – చక్కెర అణువు కొస: చిత్తూరు గానుగ నుండి జెల్ ఎలక్ట్రోఫోరెసిస్ వరకు ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

చక్కెర అణువులకు సహజంగా విద్యుదావేశం లేదు. అందువల్ల ప్రోటీన్లు, డీఎన్ఏ జెల్‌లో కదిలినట్లు అవి కదలవు. వాటిని విద్యుత్ క్షేత్రంలో కదిలించి వేరుచేయడానికి శాస్త్రజ్ఞులు కనుగొన్న మార్గాలలో ముఖ్యమైనవి చక్కెర అణువులోని ఒకే ఒక భాగంపై, అంటే క్షయకరణ కొసపై, ఆధారపడ్డాయి. అదే కొస తిరుపతి, చిత్తూరు ప్రాంతాల బెల్లం పెనంలో శతాబ్దాలుగా రైతు శ్రమ ఫలితాన్ని నిర్ణయిస్తూ వచ్చింది. బెల్లం నల్లబడటానికి, మధుమేహ రోగి రక్తంలో హీమోగ్లోబిన్ మారడానికి, జెల్‌పై చక్కెర కంటికి కనబడటానికి మూలం ఒకే కోవకు చెందిన రసాయన చర్య. ఈ మూడు చరిత్రలను ఒకచోట చేర్చి, అణునిర్మాణానికీ వేరుపరచే పద్ధతికీ మధ్యగల సంబంధాన్ని వివరించడం, ఆ వెలుగులో బెల్లం నాణ్యతకు రంగునే ప్రమాణంగా తీసుకోవడాన్ని పునఃపరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: చిత్తూరు బెల్లం, సుక్రోజ్, విలోమ చక్కెర, క్షయకరణ కొస, జెల్ ఎలక్ట్రోఫోరెసిస్, మైలార్డ్ చర్య, విజ్ఞానశాస్త్ర చరిత్ర.

1. ఉపోద్ఘాతం:

విజ్ఞానశాస్త్ర చరిత్రను సాధారణంగా ప్రయోగశాలల చరిత్రగా రాస్తారు. వృత్తుల చరిత్రను సామాజిక చరిత్రలో భాగంగా రాస్తారు. ఈ రెండూ ఒకే పదార్థాన్ని గురించి మాట్లాడుతున్నప్పటికీ ఒకదానికొకటి ఎదురుపడిన సందర్భాలు తక్కువ. చక్కెర అందుకు మంచి ఉదాహరణ. చెరకు రసం నుండి తీపిని వేరుచేయడం భారతదేశంలో ప్రాచీన విద్య. కౌటిల్యుని అర్థశాస్త్రం ఫాణితం, గుడం, ఖండం, శర్కర వంటి వేర్వేరు పదార్థాలను పేర్కొన్నది. ఒకే రసం నుండి ఇన్ని పేర్లు పుట్టాయంటే, అప్పటికే వేరుపరచడంలో పలు స్థాయిలు ఏర్పడి ఉన్నాయని అర్థం. ఆ విద్యకు అణువు పేరు తెలియదు. కానీ అణువు ప్రవర్తన తెలుసు.

ఆధునిక జీవరసాయనశాస్త్రంలో వేరుపరచే పద్ధతులలో జెల్ ఎలక్ట్రోఫోరెసిస్ ప్రముఖమైనది. ఆవేశం గల అణువులను జెల్ అనే వలవంటి మాధ్యమంలో ఉంచి విద్యుత్తును ప్రసరింపజేస్తే, అవి తమ ఆవేశాన్ని, పరిమాణాన్ని, ఆకృతిని బట్టి వేర్వేరు వేగాలతో కదిలి పట్టీలుగా విడిపోతాయి. చక్కెర విషయంలో ఈ పద్ధతి ఎందుకు ఆలస్యంగా ఫలించింది, చివరకు ఏ నిర్మాణ లక్షణం ఆధారంగా ఫలించింది అన్న ప్రశ్నలు ఈ వ్యాసానికి కేంద్రం. వాటికి జవాబు వెతికే క్రమంలో చిత్తూరు సీమ బెల్లం పెనం దగ్గర నుండి ప్రయాణం మొదలవుతుంది.

2. చిత్తూరు సీమలో చెరకు:

చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఏర్పడింది. అంతకుముందు చిత్తూరు, చంద్రగిరి ప్రాంతాలు ఉత్తర ఆర్కాటు జిల్లాలోనూ, మదనపల్లె, వాయల్పాడు ప్రాంతాలు కడప జిల్లాలోనూ ఉండేవి. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్వ్యవస్థీకరణతో తిరుపతి వేరే జిల్లా అయింది. పరిపాలనా సరిహద్దులు ఎన్నిసార్లు మారినా ఈ సీమ నీటి స్వభావం మారలేదు. గోదావరి, కృష్ణా డెల్టాల వంటి పెద్ద కాలువల వ్యవస్థ ఇక్కడ లేదు. స్వర్ణముఖి, నీవా, అరణియార్ వంటి వాననీటి నదులు, వాటికి తోడు చెరువులు, బావులు, తర్వాతి కాలంలో బోర్లు – ఇవే సేద్యానికి ఆధారం. దాదాపు ఏడాది పాటు నీరు కోరే చెరకును ఇటువంటి నేలలో సాగుచేయడం రైతుకు ఎప్పుడూ సాహసమే.

అయినా చిత్తూరు బెల్లం పేరు పొందింది. చిత్తూరు బెల్లం మండీ నుండి సరుకు తమిళనాడు వంటి పొరుగు రాష్ట్రాలకు చేరింది. ఒకవైపు గానుగలు, మరొకవైపు చిత్తూరులోనూ, రేణిగుంట సమీపంలోని గాజులమండ్యంలోనూ వెలసిన సహకార చక్కెర కర్మాగారాలు – రైతుకు ఈ రెండు దారులు ఉండేవి. తర్వాతి కాలంలో ఆ సహకార కర్మాగారాలు మూతపడ్డాయి. భూగర్భజలం అడుగంటడం, కూలి ఖర్చు పెరగడం, మామిడి తోటలు విస్తరించడం వంటి కారణాలతో చెరకు విస్తీర్ణం తగ్గింది.

పరిశోధన విషయంలో కూడా ఈ ప్రాంతానికి స్థానం ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీలో గోదావరి డెల్టా చెరకును ఎర్రకుళ్ళు తెగులు దెబ్బతీసినప్పుడు 1902లో సామర్లకోటలో పరిశోధన క్షేత్రం వెలసింది. 1912లో కోయంబత్తూరులో చెరకు ప్రజనన కేంద్రం, 1913లో అనకాపల్లిలో పరిశోధన కేంద్రం ఏర్పడ్డాయి. ఆ పరంపరలోనే తిరుపతి సమీపంలోని పెరుమాళ్ళపల్లె వ్యవసాయ పరిశోధన స్థానం చెరకుపై పనిచేసింది. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లోనూ, వ్యవసాయ కళాశాల 1961లోనూ ఆరంభమయ్యాయి. ఈ విధంగా చక్కెరను పండించే నేల, దాన్ని వండే పెనం, దాన్ని పరిశీలించే ప్రయోగశాల ఒకే సీమలో పక్కపక్కనే నిలిచాయి.

3. పెనంలో జరిగే రసాయన పోరాటం:

చెరకు రసంలోని ప్రధాన చక్కెర సుక్రోజ్. ఒక గ్లూకోజ్ అణువు, ఒక ఫ్రక్టోజ్ అణువు కలిసి ఏర్పడిన జంట చక్కెర ఇది. ఈ కలయికలో ఒక విశేషం ఉంది. గ్లూకోజ్‌లో రసాయనికంగా చురుకైన భాగం దాని మొదటి కార్బన్ దగ్గర ఉంటుంది. ఫ్రక్టోజ్‌లో అది రెండవ కార్బన్ దగ్గర ఉంటుంది. సుక్రోజ్‌లో ఈ రెండు చురుకైన స్థానాలే ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. ఇద్దరు మనుషులు తమ కుడిచేతులను పరస్పరం గట్టిగా పట్టుకుంటే ఇక మూడో వస్తువును ఆ చేతులతో అందుకోలేరు. సుక్రోజ్ స్థితి అదే. ఇటువంటి చక్కెరలను క్షయకరణం చేయని చక్కెరలు అంటారు. చురుకైన స్థానం స్వేచ్ఛగా మిగిలి ఉన్నవి క్షయకరణ చక్కెరలు. ఆ స్వేచ్ఛా స్థానాన్నే ఈ వ్యాసంలో క్షయకరణ కొస అని వ్యవహరించడం జరిగింది.

చెరకు రసం సహజంగా కొద్దిపాటి ఆమ్లగుణం కలది. ఆమ్లం, వేడి కలిసినప్పుడు సుక్రోజ్‌లోని ముడి విడిపోయి గ్లూకోజ్, ఫ్రక్టోజ్ విడివిడిగా మిగులుతాయి. ఈ మిశ్రమమే విలోమ చక్కెర. నరికిన చెరకును ఆలస్యంగా ఆడించినా ఇదే జరుగుతుంది. గడలోని ఎంజైములు, గాయపడిన చోట చేరిన సూక్ష్మజీవులు ఆ పని చేస్తాయి. ల్యూకోనోస్టాక్ అనే సూక్ష్మజీవి మరొక అడుగు ముందుకు వేసి, సుక్రోజ్‌లోని గ్లూకోజ్‌ను పొడవైన గొలుసులుగా పేర్చి డెక్స్‌ట్రాన్ అనే జిగట పదార్థాన్ని తయారుచేస్తుంది. నరికిన చెరకును వెంటనే గానుగకు తోలాలన్న రైతు తొందరకు శాస్త్రీయ కారణం ఇదే.

విలోమ చక్కెర పెరిగితే బెల్లం గట్టిపడదు. అందులోని ఫ్రక్టోజ్ గాలిలోని తేమను లాక్కుంటుంది. వానాకాలంలో అచ్చులు చెమర్చి, నీరుకారి, రూపు చెడిపోతాయి. దీన్ని నివారించడానికి వండేవారు రసంలో సున్నం కలిపి ఆమ్లగుణాన్ని తగ్గిస్తారు. బెండ మొక్కల జిగురు వంటి వాటితో మలినాలను తెట్టుగా పైకి తెచ్చి తీసివేస్తారు. సున్నం తక్కువైతే సుక్రోజ్ విరుగుతుంది. సున్నం ఎక్కువైతే అప్పటికే ఉన్న క్షయకరణ చక్కెరలు క్షారంలో ఛిద్రమై బెల్లం నల్లబడుతుంది. ఈ రెండు తప్పుల మధ్య దారి సన్నని గట్టు వంటిది. పాకం సుమారు 115 – 120 డిగ్రీల సెల్సియస్ వద్ద దింపే క్షణాన్ని కూడా థర్మామీటరు లేకుండానే, చల్లని నీటిలో వేసిన పాకపు బొట్టు ఉండకట్టే తీరును బట్టి గుర్తిస్తారు.

దీన్నిబట్టి బెల్లం వండటం అంటే నీటిని ఆవిరి చేయడం మాత్రమే కాదని స్పష్టమవుతుంది. ఒక అణుబంధం తెగకుండా కాపాడే ప్రయత్నం అది. బంధం పేరు తెలియకపోయినా, అది తెగిన ఫలితాన్ని కంటితో, చేతితో, నాలుకతో కొలిచిన విద్య అది.

4. కాంతి, రాగి: అణువు గురించిన తొలి సాక్ష్యాలు:

యూరప్‌లో చక్కెర నిర్మాణాన్ని తెలుసుకునే ప్రయత్నం కాంతితో మొదలైంది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బియో 1815లో చక్కెర ద్రావణం ధ్రువిత కాంతి తలాన్ని తిప్పుతుందని చూపాడు. సుక్రోజ్ ద్రావణం కాంతిని కుడివైపుకు సుమారు 66.5 డిగ్రీల విశిష్ట భ్రమణంతో తిప్పుతుంది. అది విరిగి గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా మారితే మిశ్రమం కాంతిని ఎడమవైపుకు సుమారు 20 డిగ్రీలు తిప్పుతుంది. దిశ తలకిందులు కావడం వల్లనే ఆ మార్పుకు విలోమం అన్న పేరు వచ్చింది. చక్కెర కర్మాగారాలలో రసం నాణ్యతను కొలిచే పోలారిమీటరు ఈ సూత్రం మీదనే పనిచేస్తుంది.

రెండవ సాక్ష్యం రాగిది. జర్మన్ రసాయనజ్ఞుడు ఫెలింగ్ 1840ల చివర రూపొందించిన నీలిరంగు రాగి ద్రావణాన్ని గ్లూకోజ్‌తో వేడిచేస్తే ఇటుకరంగు అవక్షేపం ఏర్పడుతుంది. సుక్రోజ్‌తో ఏర్పడదు. స్వేచ్ఛగా ఉన్న చురుకైన కొస రాగిని క్షయకరణం చేస్తుంది, ముడిపడిన కొస చేయలేదు. ఇంటర్మీడియట్ ప్రయోగశాలలో తెలుగు విద్యార్థులు ఇప్పటికీ చేసే ఈ పరీక్ష, పెనంలో జరిగిన నష్టాన్ని గాజునాళికలో చూపుతుంది.

ఎమిల్ ఫిషర్ 1891 నాటికి గ్లూకోజ్ పరమాణువుల త్రిమితీయ అమరికను నిర్ధారించాడు. 1902లో ఆయనకు నోబెల్ పురస్కారం లభించింది. 1920లలో హావర్త్ చక్కెరల వలయాకార నిర్మాణాన్ని స్థాపించాడు. ఆయనకు 1937లో నోబెల్ లభించింది. సుక్రోజ్‌ను ప్రయోగశాలలో కృత్రిమంగా నిర్మించడం 1953లో గాని లెమ్యూ, హ్యూబర్‌లకు సాధ్యపడలేదు. పల్లెటూరి పెనంలో క్షణాలలో విడిపోయే ఆ ముడిని తిరిగి వేయడానికి రసాయనశాస్త్రానికి అంతకాలం పట్టిందన్న మాట.

5. విద్యుత్ క్షేత్రంలో చక్కెర:

స్వీడన్ శాస్త్రజ్ఞుడు టిసెలియస్ 1937లో రక్తద్రవంలోని ప్రోటీన్లను విద్యుత్ క్షేత్రంలో వేరుచేసే పరికరాన్ని ప్రకటించాడు. 1948లో ఆయనకు నోబెల్ పురస్కారం లభించింది. ప్రోటీన్లలోని అమైనో ఆమ్లాలకు ఆవేశం ఉంటుంది కాబట్టి అవి కదిలాయి. చక్కెరలో ఉన్నవి కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్‌లే. హైడ్రాక్సిల్ సమూహాలు అనేకం ఉన్నా, సాధారణ పరిస్థితులలో అవి ఆవేశాన్ని పొందవు. గ్లూకోజ్, గాలక్టోజ్, మానోజ్ అణువుల బరువు ఒక్కటే. పరమాణువుల సంఖ్య ఒక్కటే. తేడా ఒకటి రెండు హైడ్రాక్సిల్ సమూహాల దిశలో మాత్రమే. ఆవేశం లేని, బరువులో తేడా లేని అణువులను విద్యుత్తుతో ఎలా వేరుచేయాలి? శతాబ్దం మధ్య నాటి సమస్య ఇది.

దానికి తొలి జవాబు బోరేట్ ద్రావణం. బోరేట్ అయాన్ ఆవేశం గలది. చక్కెరలో తగిన దూరంలో, తగిన దిశలో ఉన్న రెండు హైడ్రాక్సిల్ సమూహాలను అది పట్టుకుంటుంది. పట్టుకున్నప్పుడు చక్కెరకు రుణావేశం వస్తుంది. అది ధనధ్రువం వైపు కదులుతుంది. 1952లో కాన్స్‌డెన్, స్టానియర్‌లు ఈ సూత్రంతో కాగితంపై చక్కెరలను విద్యుత్తుతో వేరుచేశారు. 1957లో ఫాస్టర్ ఈ రంగంలోని కృషిని సమగ్రంగా సమీక్షించాడు.

ఈ పద్ధతిలో అణునిర్మాణం వేగాన్ని నేరుగా శాసిస్తుంది. క్షార బోరేట్ ద్రావణంలో గ్లూకోజ్ చలనశీలతను 1గా తీసుకుంటే గాలక్టోజ్, ఫ్రక్టోజ్ సుమారు 0.9, మానోజ్ సుమారు 0.7 విలువలను చూపుతాయి. సుక్రోజ్ విలువ మాత్రం సుమారు 0.2. సుక్రోజ్ బరువు గ్లూకోజ్ బరువుకు దాదాపు రెట్టింపు కావడం ఇందుకు కొంత కారణం. కానీ అసలు కారణం అది కాదు. గ్లూకోజ్ వలయం విప్పుకొని, ఐదు పరమాణువుల వలయంగా మారి, బోరేట్‌కు అనుకూలమైన జంట హైడ్రాక్సిల్‌లను అందించగలదు. ఆ రూపాంతరానికి క్షయకరణ కొస స్వేచ్ఛగా ఉండాలి. సుక్రోజ్‌లో అది ముడిపడి ఉంది కాబట్టి రూపం మార్చుకోలేదు; బోరేట్‌కు బలంగా దొరకదు; విద్యుత్తుకు లొంగదు. రాగి ద్రావణం చెప్పిన మాటనే విద్యుత్ క్షేత్రం మరో భాషలో చెప్పింది.

6. జెల్ కూడా చక్కెరే:

కాగితం స్థానంలోకి జెల్ రావడం ఈ చరిత్రలో మరొక మలుపు. 1955లో ఆలివర్ స్మిథీస్ టొరంటోలో స్టార్చ్ జెల్‌ను ప్రవేశపెట్టాడు. చిన్ననాట తల్లి బట్టలకు గంజి పెట్టేటప్పుడు, చల్లారిన గంజి గడ్డకట్టడం చూసిన జ్ఞాపకం తనకు ఆ ఆలోచన ఇచ్చిందని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. 1959లో రేమండ్, వైన్‌ట్రాబ్‌లు పాలీఎక్రిలమైడ్ జెల్‌ను, 1961లో యర్టెన్ అగరోజ్ జెల్‌ను ఎలక్ట్రోఫోరెసిస్‌కు ఉపయోగించారు.

స్టార్చ్ గ్లూకోజ్ గొలుసు. అగరోజ్ సముద్రపు నాచు నుండి లభించే గాలక్టోజ్ సంబంధిత చక్కెరల గొలుసు. ప్రోటీన్లను, డీఎన్ఏను వేరుచేసిన ఈ మాధ్యమాలు స్వయంగా చక్కెరలే. వాటి గొలుసులకు ఆవేశం లేకపోవడమే వాటిని మంచి మాధ్యమాలుగా నిలిపింది. విద్యుత్తులో కదలని గుణం చక్కెరకు పరీక్ష్య పదార్థంగా లోపమైంది, జల్లెడగా సుగుణమైంది.

డీఎన్ఏ వెన్నెముకలో కూడా చక్కెర ఉంది. అయితే డీఆక్సీరైబోజ్ చక్కెరల మధ్య ఫాస్ఫేట్ సమూహాలు ఉంటాయి. ప్రతి ఫాస్ఫేట్‌కూ రుణావేశం ఉండటం వల్ల డీఎన్ఏ పొడవుకు తగినట్లు ఆవేశం పెరుగుతుంది. అందుకే అగరోజ్‌లో అది ప్రధానంగా పొడవును బట్టి విడిపోతుంది. తిరుపతిలో ఏ జీవశాస్త్ర విభాగంలోనైనా పరిశోధక విద్యార్థి డీఎన్ఏ జెల్ నడిపినప్పుడు, చక్కెర జల్లెడ గుండా చక్కెర గొలుసు ప్రయాణిస్తున్నది. ప్రయాణం సాధ్యం చేసింది మాత్రం ఫాస్ఫేట్ ఇచ్చిన ఆవేశం.

7. 1990: కొసకు కట్టిన దీపం:

ఫాస్ఫేట్ లేని సాధారణ చక్కెరను జెల్‌లో స్పష్టంగా వేరుచేసే పద్ధతిని 1990లో కేంబ్రిడ్జిలో పీటర్ జాక్సన్ ప్రకటించాడు. ఆయన ఉపయోగించిన పదార్థం అమైనోనాఫ్తలీన్ ట్రైసల్ఫోనిక్ ఆమ్లం, సంక్షిప్తంగా ఏఎన్‌టీఎస్. దానికి ఒక చివర అమైనో సమూహం, ఇతర స్థానాలలో మూడు రుణావేశ సల్ఫోనేట్ సమూహాలు ఉన్నాయి. అతినీలలోహిత కాంతిలో అది మెరుస్తుంది. దాని అమైనో సమూహం చక్కెర క్షయకరణ కొసలోని ఆల్డిహైడ్‌తో కలుస్తుంది. ఏర్పడిన బంధాన్ని క్షయకరణ కారకంతో స్థిరపరుస్తారు. ఆ విధంగా ఒకే చర్యతో చక్కెరకు రెండు లభిస్తాయి: కదలడానికి ఆవేశం, కనబడటానికి వెలుగు.

ఒక చక్కెర గొలుసుకు ఎంత పొడవున్నా క్షయకరణ కొస ఒక్కటే. కాబట్టి ప్రతి అణువుకూ ఒకే దీపం, మూడే ఆవేశాలు. ఆవేశం సమానమైనప్పుడు వేగాన్ని నిర్ణయించేవి పరిమాణం, ఆకృతి. చిన్న గొలుసు ముందుకు, పెద్ద గొలుసు వెనుక పడతాయి. స్టార్చ్‌ను పాక్షికంగా జలవిశ్లేషణ చేసి నడిపితే ఒక్కొక్క గ్లూకోజ్ పెరిగిన కొద్దీ ఒక్కొక్క మెట్టుగా నిచ్చెన ఏర్పడుతుంది. అణువులు చిన్నవి కావడం వల్ల ప్రోటీన్లకు వాడే దానికంటే చాలా చిక్కని పాలీఎక్రిలమైడ్ జెల్ అవసరమైంది.

ఆకృతి ప్రభావం ఇంకా సూక్ష్మమైనది. మాల్టోజ్, సెల్లోబయోజ్, ఐసోమాల్టోజ్ – మూడూ రెండేసి గ్లూకోజ్‌ల జంటలు. బరువు ఒక్కటే. మాల్టోజ్‌లో బంధం ఆల్ఫా దిశలో ఒకటి–నాలుగు స్థానాల మధ్య, సెల్లోబయోజ్‌లో బీటా దిశలో అవే స్థానాల మధ్య, ఐసోమాల్టోజ్‌లో ఆల్ఫా దిశలో ఒకటి–ఆరు స్థానాల మధ్య ఉంటుంది. బంధం మారితే అణువు వంపు మారుతుంది. వంపు మారితే జెల్ రంధ్రాలలో అది ఎదుర్కొనే నిరోధం మారుతుంది. సమాన బరువు గల చక్కెరలు కూడా అనేక సందర్భాలలో వేర్వేరు పట్టీలుగా విడిపోవడానికి కారణం ఇదే. ఆకృతి తేడా చాలనప్పుడు బోరేట్ ద్రావణాన్ని మళ్ళీ రంగంలోకి దించి, హైడ్రాక్సిల్ దిశల తేడాను కూడా వేగంలోకి తేవచ్చు.

అయితే ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. క్షయకరణ కొస లేని చక్కెరకు దీపం కట్టలేము. సుక్రోజ్, ట్రెహలోజ్ వంటివి ఈ జెల్‌పై అదృశ్యంగా మిగిలిపోతాయి. ఫ్రక్టోజ్‌లో ఉన్నది ఆల్డిహైడ్ కాక కీటోన్ కాబట్టి అది కూడా మందకొడిగానే చర్య జరుపుతుంది. ఒక బెల్లం ముక్కను కరిగించి ఈ పద్ధతిలో పరిశీలిస్తే, అందులో అధిక భాగమైన సుక్రోజ్ కనబడదు. విరిగిన సుక్రోజ్ నుండి వచ్చిన గ్లూకోజ్ ప్రకాశిస్తుంది. అంటే జెల్‌పై వెలిగేది రైతు నిలుపుకున్న తీపి కాదు, పెనంలోనో పొలంలోనో పోగొట్టుకున్నది. బెల్లం విశ్లేషణకు ఆచరణలో పోలారిమీటరు, ద్రవ క్రొమటోగ్రఫీ వంటివే అనుకూలం. జెల్ పద్ధతి ప్రధానంగా ప్రోటీన్లకు అతుక్కున్న చక్కెర గొలుసుల అధ్యయనానికి ఉపకరించింది. కానీ దాని హద్దు నేర్పే పాఠం బెల్లానికి కూడా వర్తిస్తుంది.

8. ఒకే కోవ చర్య – మూడు స్థలాలు:

ఆల్డిహైడ్ కొస అమైనో సమూహాన్ని కలిసే చర్య 1990లో కొత్తగా పుట్టినది కాదు. 1912లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మైలార్డ్ చక్కెరలను అమైనో ఆమ్లాలతో వేడిచేసినప్పుడు గోధుమరంగు పదార్థాలు ఏర్పడటాన్ని వర్ణించాడు. చెరకు రసంలో అమైనో ఆమ్లాలు సహజంగా ఉన్నాయి. పెనంలో సుక్రోజ్ విరిగి గ్లూకోజ్ కొస బయటపడగానే అది వాటిని కలుస్తుంది. వేడిలో ఆ కలయిక అనేక దశలు దాటి గోధుమ, నలుపు వర్ణాలను ఇస్తుంది. చెరకులోని ఫీనోలిక్ పదార్థాలు, ఇనుము, చక్కెర మాడటం కూడా రంగుకు కారణాలే అయినా, క్షయకరణ కొస పాత్ర ముఖ్యమైనది.

రెండవ స్థలం మనిషి రక్తం. 1958లో హ్యూస్‌మన్, మెయరింగ్‌లు హీమోగ్లోబిన్‌లో ఒక చిన్న భాగాన్ని క్రొమటోగ్రఫీతో వేరుచేశారు. 1968లో టెహరాన్‌లో సామ్యూల్ రహ్బర్ అగర్ జెల్ ఎలక్ట్రోఫోరెసిస్‌తో పరీక్షిస్తుండగా మధుమేహ రోగుల హీమోగ్లోబిన్‌లో అసాధారణమైన పట్టీని గమనించాడు. గ్లూకోజ్ ఆల్డిహైడ్ కొస హీమోగ్లోబిన్ గొలుసు మొదట ఉన్న వాలిన్ అమైనో సమూహానికి అతుక్కోవడం వల్ల ఆ చోటి ఆవేశం మారి చలనం మారింది. ఎంజైమ్ ప్రమేయం లేకుండా, కేవలం చక్కెర అందుబాటును బట్టి సాగే చర్య ఇది. మధుమేహ నిర్ధారణలో, చికిత్సలో ఈనాడు విస్తృతంగా వాడే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఆ పరిశీలన నుండి వికసించినదే. ఒక చక్కెర అణువు తాను విద్యుత్తులో కదలలేకపోయినా, తాను అతుక్కున్న ప్రోటీన్ కదలికను మార్చగలిగింది.

మూడవ స్థలం జాక్సన్ జెల్. పెనంలో బెల్లాన్ని నల్లబరచిన కలయికను, రక్తంలో వ్యాధి గుర్తుగా నిలిచిన కలయికను ఆయన మెరిసే అమైన్‌తో ఉద్దేశపూర్వకంగా జరిపించాడు. మూడింటిలోనూ మొదటి మెట్టు ఒక్కటే: స్వేచ్ఛగా ఉన్న ఆల్డిహైడ్ కొస, దాన్ని అందుకునే అమైనో సమూహం. ఆ తర్వాతి మెట్లు మాత్రమే వేరు.

9. రంగు, ధర:

చిత్తూరు రైతు చెరకుకు రెండు తూకాలు ఉండేవి. కర్మాగారానికి తోలితే 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ధర చక్కెర రికవరీతో ముడిపడి ఉండేది. ఆ రికవరీని కొలిచేది పోలారిమీటరు. బెల్లం వండి మండీకి తోలితే ధరను నిర్ణయించేది కొనుగోలుదారు కన్ను. ఒకచోట కాంతి భ్రమణం, మరొకచోట రంగు. లోతుగా చూస్తే ఈ రెండు తూకాలూ చాలావరకు ఒకే ప్రశ్న వేశాయి: సుక్రోజ్ ముడి నిలిచిందా, విడిందా?

కానీ కన్ను పరోక్ష సాక్షి. రంగు ముడి తెగినందువల్ల రావచ్చు. చెరకు రకం వల్ల, నేలలోని లవణాల వల్ల, నీటిలోని ఇనుము వల్ల కూడా రావచ్చు. పైగా రంగును ముడితో సంబంధం లేకుండా మార్చవచ్చు. వ్యవహారంలో హైడ్రోస్ అని పిలిచే సోడియం హైడ్రోసల్ఫైట్ రంగు పదార్థాలను మాత్రమే మారుస్తుంది. విరిగిన సుక్రోజ్‌ను అతికించదు. పసుపుపచ్చగా మెరిసే అచ్చులో విలోమ చక్కెర ఎక్కువగా ఉండవచ్చు. ముదురు అచ్చులో సుక్రోజ్ నిండుగా ఉండవచ్చు. ఆహార భద్రతా ప్రమాణాలు బెల్లంలో పొడి బరువు ప్రకారం మొత్తం చక్కెరలు 90 శాతానికి, సుక్రోజ్ 60 శాతానికి తగ్గరాదని, సల్ఫర్ డయాక్సైడ్ మిలియన్‌కు 70 భాగాలు మించరాదని నిర్దేశిస్తున్నాయి. ప్రమాణం అణువును అడుగుతున్నది. అంగడి రంగును అడుగుతున్నది. ఈ రెండింటి మధ్య దూరమే రైతును రసాయనం వైపు నెట్టింది.

నల్లబెల్లం విషయంలో ఈ దూరం మరింత బాధాకరమైనది. నాటుసారా తయారీకి వాడతారన్న కారణంగా నల్లబెల్లం రవాణా, అమ్మకాలపై ప్రభుత్వ ఆంక్షలు వచ్చాయి. సారాను అరికట్టవలసిన అవసరాన్ని ఎవరూ కాదనలేరు. అయితే పులియడం అనేది చక్కెర గుణం గాని రంగు గుణం కాదు. ఈస్ట్ సుక్రోజ్‌ను కూడా తన ఎంజైముతో విడగొట్టి వాడుకోగలదు; తెల్లని పంచదార కూడా పులుస్తుంది. రంగు ఆధారంగా సరుకును అనుమానించినప్పుడు, వాన వల్లనో, కూలీలు దొరకక ఆలస్యం వల్లనో పాకం చెడిన రైతు ధరనూ కోల్పోతాడు, అనుమానాన్నీ మోస్తాడు.

ఇక్కడ ప్రయోగశాల చరిత్ర ఒక హెచ్చరిక చేస్తుంది. జెల్‌పై వెలిగేదే ఉన్నదంతా అనుకునే పరిశోధకుడు సుక్రోజ్‌ను లేదనుకుంటాడు. అచ్చుపై కనబడే రంగే నాణ్యత అనుకునే కొనుగోలుదారు అదే పొరపాటు మరో రూపంలో చేస్తాడు. ప్రతి పద్ధతీ అణువులోని ఒక గుణాన్ని మాత్రమే ప్రశ్నిస్తుంది. ఏ గుణాన్ని ప్రశ్నిస్తున్నదో తెలియకుండా జవాబును నమ్మడం తప్పుడు తీర్పుకు దారితీస్తుంది.

10. ఉపసంహారం:

1. చక్కెరలు ఎలక్ట్రోఫోరెసిస్‌లో విడిపోయే తీరును వాటి బరువు ఒక్కటే నిర్ణయించదు. హైడ్రాక్సిల్ సమూహాల దిశ, జంటలను కలిపే బంధం స్థానం, క్షయకరణ కొస స్వేచ్ఛ – ఈ మూడూ నిర్ణయిస్తాయి.

2. బోరేట్ పద్ధతి, 1990 నాటి జెల్ పద్ధతి రెండూ క్షయకరణ కొసపై వేర్వేరు రీతులలో ఆధారపడ్డాయి. సుక్రోజ్ మొదటిదానిలో వెనుకబడింది; రెండవదానిలో అదృశ్యమైంది.

3. బెల్లం నలుపెక్కడం, గ్లూకోజ్ హీమోగ్లోబిన్‌కు అతుక్కోవడం, జెల్‌పై చక్కెర వెలగడం – మూడింటి తొలి మెట్టు ఆల్డిహైడ్, అమైనో సమూహాల కలయికే.

4. సున్నం మోతాదు, చెరకు తోలే వేళ, పాకం దింపే క్షణం గురించిన చిత్తూరు సీమ వృత్తిజ్ఞానం సుక్రోజ్ బంధాన్ని కాపాడే అనుభవ రసాయనశాస్త్రం. దానికి విజ్ఞానశాస్త్ర చరిత్రలో స్థానం కల్పించవలసి ఉంది.

5. బెల్లానికి రంగును బట్టి కాక సుక్రోజ్, క్షయకరణ చక్కెరల నిష్పత్తిని బట్టి విలువ కట్టే ఏర్పాటు మండీ స్థాయిలో ఉంటే, రంగుకోసం రసాయనం కలిపే అవసరం తగ్గుతుంది. ఫెలింగ్ ద్రావణం వంటి చవకైన పరీక్షతోనే అందుకు నాంది పలకవచ్చు. తిరుపతిలోని విశ్వవిద్యాలయాల జీవరసాయన, వ్యవసాయ, చరిత్ర విభాగాలు కలిసి చేపట్టదగిన పని ఇది.

సహకార కర్మాగారాలు మూతపడి, చెరకు తోటలు మామిడి తోటలుగా మారుతున్న కాలంలో గానుగలు కూడా తగ్గిపోతున్నాయి. పెనం దగ్గర నిలిచి పాకాన్ని చదవగలిగినవారు ఉన్నప్పుడే వారి మాటను నమోదు చేయాలి. సుక్రోజ్ ముడి ఒకసారి తెగితే పెనంలో తిరిగి పడదు. తరాల మధ్య తెగిన వృత్తిజ్ఞానం విషయంలోనూ అంతే.